రెండు వేళ్ల నాదం

వాద్యం ఎంత గొప్పదైనా దానంతట అది పలకదు. దానిని పలికించేది వాదకుని చేయి. ఒకే వీణను ఇద్దరు వైణికులు ఒకరి తరువాత ఒకరు మీటితే, తంత్రులు అవే, మెట్లు అవే, శ్రుతి అదే అయినా వినేవారికి రెండు వీణలు విన్నట్లే ఉంటుంది. ఈ భేదాన్ని పాశ్చాత్యులు టోన్ అంటారు. మనం దానిని నాదగుణం అనుకోవచ్చు. చీకటిలో గొంతు విని మనిషిని గుర్తుపట్టినట్లే నాదగుణాన్ని బట్టి వాదకుని గుర్తుపడతాం. అటువంటి నాదంతో ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధంలో ఐరోపా ఖండాన్ని మంత్రముగ్ధం చేసిన గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్. స్వరాలను అదిమిపట్టవలసిన ఎడమచేతిలో ఆయనకు పూర్తిగా స్వాధీనంలో ఉన్న వేళ్లు, బొటనవేలు కాక, రెండే రెండు. ఆ రెండు వేళ్ల నుంచి అంతటి నాదం ఎలా పుట్టింది? అది చేతి మహిమా, చేతిలోని గిటార్ మహిమా? ఆయన జీవితమే ఈ ప్రశ్నకు సమాధానం.

జాంగో వాయించినది జాజ్ సంగీతం. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో నల్లజాతి ప్రజల మధ్య రూపుదిద్దుకున్న సంగీతరీతి ఇది. మన రాగాలాపనలో మనోధర్మానికి ఎంతటి స్థానమున్నదో జాజ్‌లోనూ అంతటి స్థానమున్నది. పాట వరుస అందరికీ తెలిసినదే. దానిని ఆధారం చేసుకొని వాదకుడు అప్పటికప్పుడు అల్లే స్వరకల్పనలోనే అతని ప్రతిభ బయటపడుతుంది. తొలినాళ్ల జాజ్‌లో ఈ గౌరవం బాకాలకు, క్లారినెట్లకు, పియానోకు దక్కింది. గిటార్ వెనుక వరుసలో కూర్చుని లయ చూపే వాద్యంగానే మిగిలిపోయింది. ఐరోపాలో గిటార్‌ను ముందు వరుసకు తెచ్చిన ఘనత జాంగోది.

1910 జనవరి 23న బెల్జియం దేశంలోని లిబెర్షీ అనే గ్రామం దగ్గర, రోడ్డు పక్కన ఆగిన ఒక సంచారుల బండిలో ఆయన జన్మించాడు. రికార్డులలోని పేరు జాఁ రైన్‌హార్ట్. ఇంటివారు పిలుచుకున్న పేరు జాంగో. వారి భాషలో ఆ మాటకు మేల్కొనడమనే అర్థం ఉందని చెబుతారు. ఆయన పుట్టింది రోమా జాతికి చెందిన మానూష్ శాఖలో. రోమా ప్రజల పూర్వులు సుమారు వెయ్యి సంవత్సరాల క్రితం భారతదేశపు వాయవ్య ప్రాంతం నుంచి పడమటి దిక్కుకు వలసపోయారని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించారు. ఒకటి నుంచి ఐదు వరకు వారు యేక్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్ అని లెక్కిస్తారు. సంస్కృతంతో కొంత పరిచయమున్న వారికి ఈ మాటల చుట్టరికం వెంటనే తెలుస్తుంది. ఇల్లు, భూమి, ఊరు లేని ఆ జనానికి గుర్రపుబండే గృహం, సంగీతమే చాలామందికి జీవనాధారం.

తండ్రి వాద్యకారుడు, తల్లి నర్తకి. కుటుంబం కొన్ని దేశాలు తిరిగి చివరకు పారిస్ నగరపు పాత కోటగోడల వెలుపల, పేదల గుడిసెల మధ్య బండి నిలిపింది. జాంగో బడికి పోయినది లేనట్లే. యౌవనంలో ఆయనకు తన పేరు రాయడం కూడా సరిగా రాదు. అయితే చెవి మాత్రం అసాధారణమైనది. పన్నెండేళ్ల వయసులో ఆయనకు బాంజో గిటార్ అనే వాద్యం దొరికింది. ఎవరూ పాఠం చెప్పలేదు. పెద్దలు వాయిస్తుంటే వేళ్ల కదలికలను చూసి, ఏకాంతంలో వాటిని సాధన చేసి నేర్చుకున్నాడు. కొద్దికాలంలోనే పారిస్ నృత్యశాలలలో అకార్డియన్ వాద్యకారుల పక్కన కూర్చుని వాయించి డబ్బు సంపాదించసాగాడు.

ఆయన గిటార్ కాక బాంజో పట్టడానికి కారణమున్నది. అది మైకులు, ఆంప్లిఫయర్లు నృత్యశాలలకు చేరని కాలం. మన హార్మోనియం వలె గాలితిత్తితో పలికే అకార్డియన్ శబ్దం హాలంతా నిండుతుంది. దానికి తోడు నర్తకుల పాదాల చప్పుడు, జనం మాటలు. వాటి మధ్య గిటార్ స్వరం పక్కవానికి కూడా వినిపించదు. మృదంగానికి వలె చర్మం బిగించిన బాంజో మాత్రం టంగుమని మోగి గోలను చీల్చుకొని వస్తుంది. అయితే ఆ మోత పుట్టినంత త్వరగా అణగిపోతుంది. అందులో గమకానికి, మార్దవానికి చోటు తక్కువ. గిటార్‌లో తియ్యదనం ఉన్నది, బలం లేదు. బాంజోలో బలం ఉన్నది, తియ్యదనం లేదు. రెండూ ఒక్కచోట ఎలా కలిశాయన్నదే జాంగో కథలోని ముఖ్యఘట్టం. కాని ఆ కలయికకు ముందు ఒక ఘోరవిపత్తు సంభవించింది.

1928లో జాంగో తొలిసారి రికార్డులకు వాయించాడు. అక్షరాలు రాని ఆ యువకుని పేరు వాటిపై తప్పుగా అచ్చయింది. ఆయన ప్రతిభను గురించి విని, జాక్ హిల్టన్ అనే ఆంగ్ల వాద్యబృంద నాయకుడు లండన్ నుంచి వచ్చి తన బృందంలో చేరవలసిందిగా ఆహ్వానించాడు. పద్దెనిమిదేళ్ల వయసులో అంతకంటే అదృష్టం ఏముంటుంది? ఆ సంతోషం ఎన్నో రోజులు నిలవలేదు. ఆ ఏడాది శరదృతువులో ఒక రాత్రి జాంగో నృత్యశాల నుంచి తన బండికి తిరిగివచ్చాడు. భార్య బెల్లా అమ్మకానికి తయారుచేసిన కృత్రిమ పుష్పాలతో బండి నిండి ఉన్నది. ఆ పూలు సెల్యులాయిడ్‌తో చేసినవి. నిప్పురవ్వ సోకితే భగ్గున మండే పదార్థమది. కొవ్వొత్తి మంట ఆ పూలకు అంటుకున్నది. క్షణాలలో బండి అగ్నిగుండమైంది. జాంగో ఒక కంబళిని అడ్డుపెట్టుకొని మంటల నుంచి బయటపడ్డాడు. దంపతులిద్దరూ ప్రాణాలతో మిగిలారు. కాని జాంగో కుడికాలు, ఎడమచేయి తీవ్రంగా కాలిపోయాయి.

వైద్యులు కాలు తీసివేయాలన్నారు. ఆయన ఒప్పుకోలేదు. నెలల తరబడి చికిత్స పొందిన తరువాత చేతికర్ర సాయంతో లేచి నడిచాడు. కాలు దక్కింది గాని చేయి మునుపటి చేయి కాలేకపోయింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు కాలిన నరాల బిగువుకు లోపలికి ముడుచుకొని అరచేతివైపు వంగిపోయాయి. అవి మళ్లీ చాచుకోవు. తంత్రీవాద్యం మీద బతికే మనిషికి ఇది కాలు పోవడంకంటే పెద్ద నష్టం. వాద్యకారుడుగా అతని జీవితం ముగిసిందనుకోవడం సహజం. తమ్ముడు జోసెఫ్ మాత్రం అన్న పడక దగ్గరకు ఒక గిటార్ తెచ్చిపెట్టాడు. మోత పెట్టే బాంజో ఆసుపత్రి గదిలో కుదరదు. మెత్తగా పలికే గిటార్ కుదురుతుంది. ఈ విధంగా ఆయన చేతికి ఆయన వాద్యం చేరింది.

అక్కడ జాంగో చేసిన సాధన వాద్యకళ చరిత్రలో అరుదైనది. సాధారణంగా గిటార్ వాదకుడు ఎడమచేతి నాలుగు వేళ్లను నాలుగు మెట్ల మీద పరచి, ఒక తంత్రి నుంచి మరొక తంత్రికి అడ్డంగా కదులుతూ స్వరాలు పలికిస్తాడు. చేయి ఎక్కువగా జరగనక్కరలేదు. రెండే వేళ్లున్నవానికి ఆ మార్గం మూసుకుపోయింది. అందువల్ల జాంగో అడ్డంగా కాక నిడివిగా కదలడం నేర్చుకున్నాడు. చూపుడు వేలు, మధ్యవేలు దండి పొడవునా పైకీ కిందికీ పరుగెత్తసాగాయి. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి చేయి మొత్తం జారవలసి రావడంతో ఆ జారుడే ఆయన బాణీకి అలంకారమైంది. మన సంగీతంలో జారు, కంపితం అని చెప్పే గమకాలను పోలిన సొగసులు ఆయన వాదనంలో వెల్లివిరిశాయి. వంగిన వేళ్లను కూడా ఆయన వ్యర్థంగా విడిచిపెట్టలేదు. పలు స్వరాలను ఒకేసారి పలికించవలసినప్పుడు వాటిని చివరి తంత్రులపై ఆనించి వాడుకున్నాడు. నాలుగు వేళ్లవారు పట్టే స్వరసమూహాలు తనకు అందకపోగా, మూడు నాలుగు స్వరాలతో ముగిసే కొత్త పట్టులను కల్పించుకున్నాడు. లోపం పూడ్చుకోవడానికి వెతికిన దారే ఆయనకు రాజమార్గమైంది.

1931లో ఆయన ఫ్రాన్స్ దక్షిణతీరంలోని తూలోఁ పట్టణంలో ఉన్నప్పుడు, ఎమిల్ సావిత్రీ అనే చిత్రకారుడు తన గదిలో ఆయనకు అమెరికా రికార్డులు వినిపించాడు. అందులో బాకా విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు ఉన్నాయి. అంతవరకు నృత్యశాలల బాణీలు, తన జాతి సంప్రదాయ గీతాలు మాత్రమే తెలిసిన జాంగోకు ఆ బాకాస్వరం కొత్త లోకాన్ని చూపింది. నిండుగా, నిర్భయంగా, మనిషి గొంతు వలె పలికే ఆ నాదం ఆయన మనసులో నాటుకున్నది. గిటార్‌ను బాకా వలె పలికించాలన్న తపన అక్కడ మొదలైంది. చేతికి దారి దొరికింది, చెవికి గమ్యం దొరికింది. వీటికి తగిన వాద్యం ఇంకా దొరకవలసి ఉన్నది.

1934లో పారిస్‌లోని క్లారిజ్ హోటల్లో ఒక నృత్యబృందం వాయిస్తుండేది. విరామ సమయంలో తెరవెనుక జాంగో గిటార్ మీటుతుంటే, అదే బృందంలోని వయొలిన్ విద్వాంసుడు స్తెఫాన్ గ్రాపెల్లీ ఆయనతో గొంతు కలిపినట్లు వయొలిన్ కలిపాడు. ఆటగా మొదలైన ఈ జంటకు జోసెఫ్, రోజే షపూ అనే ఇద్దరు గిటార్ వాదకులు, లూయీ వోలా అనే బాస్ వాదకుడు తోడయ్యారు. హాట్ క్లబ్ ఆఫ్ ఫ్రాన్స్ అనే జాజ్ అభిమానుల సంఘం వారిని ప్రోత్సహించింది. ఆ డిసెంబరులోనే పంచవాద్య బృందంగా వారు సభలో వాయించి, తొలి రికార్డులు వెలువరించారు. జాజ్ అంటే బాకాలు, డప్పులు తప్పనిసరి అనుకునే రోజులలో, ఒక్క బాకా కాని ఒక్క డోలు కాని లేకుండా అయిదు తంత్రీవాద్యాలతోనే వారు జాజ్ వినిపించారు. రెండు గిటార్లు పంపు కొట్టినట్లు తెరిపి లేకుండా లయ అందిస్తుంటే, డోలు లేని లోటే తెలియలేదు. అయితే ఆ రెండు గిటార్ల లయఘోష పైకి మూడో గిటార్ స్వరం తేలి రావడం ఎలా?

ఈ చిక్కుకు పరిష్కారం అంతకుముందే పారిస్‌లో సిద్ధమై ఉన్నది. ఇటలీలోని చెంతో పట్టణానికి చెందిన మారియో మకాఫెర్రీ శాస్త్రీయ గిటార్ విద్వాంసుడు. వాద్యనిర్మాణంలోనూ నిపుణుడు. శాక్సఫోన్లకు, క్లారినెట్లకు పేరుపొందిన సెల్మెర్ సంస్థ ఆయన నమూనాల ప్రకారం 1932లో గిటార్ల తయారీ ప్రారంభించింది. పెద్ద సభలో కూడా వినిపించే గిటార్ కావాలన్నది ఆయన ఆశయం. అందుకై పెట్టె లోపల మరొక చిన్న చెక్క పెట్టెను అమర్చి, పై పలకపై లాటిన్ లిపిలోని డి అక్షరం ఆకారంలో విశాలమైన నాదరంధ్రం తెరిచాడు. సంస్థతో ఆయన అనుబంధం రెండేళ్లు కూడా నిలవలేదు. 1933లో ఈతకొలనులో జరిగిన ప్రమాదంలో చేతికి గాయమై ఆయన సభావాదనం ఆగిపోయింది. చేయి గాయపడిన ఒక విద్వాంసుడు రూపొందించిన వాద్యం, చేయి కాలిన మరొక విద్వాంసుని ఒడిలో లోకప్రసిద్ధం కావడం ఒక విచిత్రమైన విధివిలాసం. 

మకాఫెర్రీ వెళ్లిపోయిన తరువాత సెల్మెర్ నిపుణులు ఆ నమూనాను సవరించారు. లోపలి పెట్టెను తొలగించారు. పెద్ద రంధ్రానికి బదులు చిన్న అండాకార రంధ్రం పెట్టారు. మీటే తంత్రి పొడవును 67 సెంటీమీటర్లకు పెంచారు. సాధారణ గిటార్లలో తంత్రులను గుర్రానికే కడతారు. ఆ గుర్రాన్ని పలకకు అతికిస్తారు. సెల్మెర్ గిటార్‌లో అలా కాదు. వీణ తంత్రులను కుండ చివర నాగపాశానికి కట్టినట్లు, ఇక్కడ ఉక్కు తంత్రులను పెట్టె అంచున ఉన్న లోహపు పట్టీకి కడతారు. అవి గుర్రం మీదుగా సాగి దానిని పలక మీదికి అదిమి ఉంచుతాయి. పలుచని, కొద్దిగా వంచిన స్ప్రూస్ చెక్క పలక ఆ ఒత్తిడికి బిగిసి, మీటగానే ఒక్కసారిగా స్పందిస్తుంది. ఫలితంగా స్వరం సూటిగా, పదునుగా వెలువడుతుంది. మందంగా మ్రోగే మంద్రధ్వనులు తక్కువ, మనిషి గొంతుకు దగ్గరగా ఉండే మధ్యధ్వనులు ఎక్కువ. అందువల్లనే తక్కిన వాద్యాల మధ్య అది కలిసిపోక విడిగా వినిపిస్తుంది.

జాంగో బృందంలో తరచు లయ అందించేవారి చేతులలో పెద్ద రంధ్రపు గిటార్లు, ఆయన చేతిలో చిన్న రంధ్రపు గిటార్ ఉండేవి. ఒకటి నలుదిక్కులా పరుచుకొనే ధ్వని, మరొకటి బాణం వలె సూటిగా పోయే ధ్వని. అయితే వాద్యం ఒక్కటే చాలదు. జాంగో కుడిచేతి మణికట్టును వంచి, పెట్టెకు తగలకుండా ఎత్తిపట్టి, దళసరి బిళ్లతో తంత్రిని బలంగా కిందికి మీటేవాడు. బరువంతా చేతిదే కాబట్టి స్వరం నిండుగా పలికేది. ఎడమచేతి వేలు తంత్రిని అదిమిన తరువాత గట్టిగా కదిలించి ఆ స్వరానికి కంపనం ఇచ్చేది. వెంటనే అణగిపోయే స్వభావం గల ఆ గిటార్ స్వరాన్ని ఈ కంపనమే కొంతసేపు నిలిపి ఉంచేది. అదే గిటార్‌ను నాలుగు వేళ్లవారు ఎందరో వాయించారు. వారికి వేగం అబ్బింది, ఆ నాదం అబ్బలేదు. వాద్యపు బిగువూ చేతి బలమూ ఒకదానినొకటి వెతుక్కొని కలుసుకున్నట్లు, జాంగో నాదం వాటి సంయోగం నుంచి పుట్టింది.

తరువాతి అయిదేళ్లు ఆ బృందానికి స్వర్ణయుగం. వారి రికార్డులు సముద్రాలు దాటాయి. 1937లో అమెరికా నుంచి వచ్చిన కోల్మన్ హాకిన్స్, బెన్నీ కార్టర్ వంటి ఉద్దండులు పారిస్‌లో జాంగోతో కలిసి రికార్డులు చేశారు. అమెరికా జాజ్‌ను ఐరోపావారు అనుకరించడమే కాక, తమదైన గొంతుతో దానికి బదులు పలకగలరని ఆయన నిరూపించాడు. ఆయన స్వభావం మాత్రం సంచారుల స్వభావమే. కాలనియమం ఆయనకు పట్టేది కాదు. చేతికి వచ్చిన డబ్బు జూదంలో పోయేది. సభకు జనం వచ్చి కూర్చుంటే ఆయన ఎక్కడో బిలియర్డ్స్ ఆడుతూనో, చేపలు పడుతూనో ఉండేవాడు. క్రమశిక్షణ గల గ్రాపెల్లీకి ఇది తలనొప్పిగా ఉండేది. అయినా ఆయన జాంగోకు కొంత చదవడం, రాయడం నేర్పి, ఆయన కల్పించిన బాణీలకు తొలి శ్రోతగా నిలిచాడు.

1939 సెప్టెంబరులో రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి వారు లండన్‌లో ఉన్నారు. గ్రాపెల్లీ అక్కడే ఉండిపోయాడు. జాంగో వెంటనే పారిస్‌కు తిరిగివచ్చాడు. మరుసటి ఏడాది ఆ నగరం జర్మన్ సైన్యం వశమైంది. జాంగో పరిస్థితి కత్తి అంచు మీద నడక వంటిది. నాజీలు యూదులతోపాటు రోమా ప్రజలను కూడా నిర్మూలించదగిన జాతిగా ప్రకటించారు. ఐరోపాలో ఆ కాలంలో హతులైన రోమా ప్రజల సంఖ్య 2,50,000 నుంచి 5,00,000 వరకు ఉండవచ్చునని చరిత్రకారుల అంచనా. ఫ్రాన్స్‌లో కూడా సంచారులను పట్టి శిబిరాలలో బంధించారు. నాజీల దృష్టిలో జాజ్ సైతం నీచజాతుల సంగీతం. అటువంటి నగరంలో రోమా జాతీయుడైన జాంగో జాజ్ వాయిస్తూ జీవించాడు. ఆక్రమణలో కుమిలిపోతున్న పారిస్ ప్రజలు వినోదం కోసం ఆ సంగీతాన్నే ఆశ్రయించారు. జర్మన్ అధికారులలో కొందరు రహస్యంగా జాజ్‌ను అభిమానించేవారు. ఆయన ప్రాణం ఈ రెండు ఆదరణల మధ్య సన్నని దారం మీద నిలిచింది.

గ్రాపెల్లీ లేని బృందంలో వయొలిన్ స్థానాన్ని యూబేర్ రొస్తాఁ క్లారినెట్ ఆక్రమించింది. డోలు కూడా చేరింది. 1940లో ఆయన నువాజ్ అనే బాణీని రికార్డు చేశాడు. నువాజ్ అంటే మేఘాలు. అంతకుముందరి రికార్డులలోని ఉరకలువేసే ఉత్సాహం అందులో లేదు. మందగమనంతో, నిట్టూర్పు వంటి జారుడుతో సాగే ఆ బాణీ, మాట్లాడడానికి వీలులేని కాలంలో పారిస్ ప్రజల మనసులోని దిగులును మోసింది. అదే గిటార్, అవే రెండు వేళ్లు. నాదం మాత్రం మునుపటి గర్వాన్ని విడిచి ఆర్ద్రతను ధరించింది. 1943లో ప్రమాదం మరింత ముంచుకురావడంతో జాంగో స్విట్జర్లండ్‌కు తప్పించుకొని పోవడానికి ప్రయత్నించాడు. సరిహద్దు దగ్గర పట్టుబడ్డాడు. సంగీతాభిమాని అయిన ఒక జర్మన్ అధికారి ఆయనను గుర్తించి విడిచిపెట్టాడు. మరొకసారి ప్రయత్నించగా స్విస్ కావలివారు వెనుకకు పంపివేశారు. తన జాతి ప్రజల కోసం ఆయన ఒక ప్రార్థనాసంగీతాన్ని తలపెట్టాడు. అది పూర్తికాలేదు. ఎందరినో మింగిన ఆ యుద్ధంలో జాంగోను కాపాడినది ఆయన గిటారే. అదే భాగ్యం లేని తన వారి సంగతి ఆయనకు తెలియనిది కాదు.

యుద్ధానంతరం 1946లో ప్రఖ్యాత జాజ్ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ ఆహ్వానంపై జాంగో అమెరికా వెళ్లాడు. జాజ్ పుట్టిన దేశంలో వాయించాలన్నది చిరకాల వాంఛ. అమెరికా గిటార్ తయారీదారులు తమ వాద్యాలను కానుకలుగా ఇవ్వడానికి పోటీపడతారని నమ్మి, ఆయన తన సెల్మెర్ గిటార్‌ను వెంట తీసుకుపోలేదు. కాని ఆయన ఊహించినట్లు ఎవరూ ముందుకు రాలేదు. అప్పటికప్పుడు సమకూర్చిన విద్యుత్ గిటార్‌తోనే సభలలో వాయించవలసి వచ్చింది. ఆ వాద్యం స్వభావం వేరు. అందులో తంత్రి కంపనాన్ని అయస్కాంతం గ్రహించి, ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. మెల్లగా తాకినా చాలు. పారిస్ నృత్యశాలల గోలను జయించడానికి బలంగా మీటడం అలవాటైన చేతికి ఆ వాద్యం అపరిచితమైంది. న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో వరుసగా రెండు రాత్రులు సభలు జరిగాయి. మొదటి రాత్రి జనం హర్షధ్వానాలు చేశారు. రెండో రాత్రి ఆయన బాగా ఆలస్యంగా వచ్చాడు. విమర్శకులు పెదవి విరిచారు. 1947 ఆరంభంలో ఆయన నిరుత్సాహంతో తిరిగివచ్చాడు. గొప్ప చేతికి కూడా తన వాద్యం తనకు అవసరమేనని ఆ ప్రయాణం తెలియజేసింది.

అయితే ఆయన విద్యుత్తును ద్వేషించి మూలకు కూర్చోలేదు. అమెరికాలో యువతరం సృష్టించిన బీబాప్ అనే కొత్త జాజ్ రీతిని శ్రద్ధగా విన్నాడు. తన పాత సెల్మెర్ గిటార్‌కే స్టిమెర్ అనే ఫ్రెంచి పికప్‌ను అమర్చుకొని సాధన ప్రారంభించాడు. తొలినాళ్లలో ధ్వని కరకుగా, అతిగా వచ్చేది. పాత అభిమానులు నొచ్చుకున్నారు. 1949లో రోమ్ నగరంలో గ్రాపెల్లీని మళ్లీ కలిసి అరవైకి పైగా బాణీలు రికార్డు చేశాడు. ఆ తరువాత కొంతకాలం గిటార్ ముట్టుకోవడమే తగ్గించాడు. 1951లో ఫాంటెన్‌బ్లో అడవికి చేరువలో సెన్ నది ఒడ్డున సమ్వా అనే గ్రామంలో భార్య నగీన్, కొడుకు బాబిక్‌లతో ఇల్లు కుదుర్చుకున్నాడు. చేపలు పట్టడం, బొమ్మలు గీయడం ఆయన కాలక్షేపాలయ్యాయి. పారిస్ వెళ్లినప్పుడు మాత్రం తన వయసులో సగమున్న యువకులతో కలిసి కొత్త బాణీలు వాయించేవాడు.

1953 మార్చిలో ఆయన చేసిన రికార్డులు వింటే ఒక సంగతి స్పష్టమవుతుంది. విద్యుత్ గిటార్‌ను ఎలా పలికించాలో ఆయన చేతికి అప్పటికి పూర్తిగా తెలిసిపోయింది. మునుపటి వలె బలాన్నంతా ప్రయోగించక, ఒక స్వరాన్ని విడిచి దాని చుట్టూ మౌనాన్ని నిలిపి ఉంచడం నేర్చుకున్నాడు. నువాజ్‌ను మళ్లీ వాయించాడు. వాద్యం మారింది, ధ్వని మారింది, కాలం మారింది. అయినా మొదటి నాలుగు స్వరాలు వినగానే అది జాంగో అని ఎవరైనా చెప్పగలరు. ఏడేళ్ల క్రితం అమెరికాలో ఓడిన చేయి ఇక్కడ గెలిచింది. కాని ఆ గెలుపును అనుభవించడానికి ఆయనకు ఎక్కువ గడువు లేకపోయింది. 1953 మే 16న పారిస్ నుంచి రైలు దిగి ఇంటికి నడిచివస్తూ సమ్వాలో కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావం జరిగింది. ఆనాడు శనివారం కావడంతో వైద్యుడు సకాలంలో అందలేదు. నలభైమూడేళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు.

మానూష్ ప్రజలలో మరణించినవారి వస్తువులను దహనం చేయడం ఆచారం. పోయినవారిని తలచి దుఃఖించడానికి ఆనవాలు మిగల్చకూడదని వారి భావన. జాంగో గిటార్లలో 503 సంఖ్య గల సెల్మెర్ గిటార్ మాత్రం నిప్పుల పాలు కాలేదు. 1940లో తయారైన ఆ గిటార్‌ను 1964లో నగీన్ పారిస్‌లోని వాద్యాల ప్రదర్శనశాలకు సమర్పించింది. చేతిని కాల్చిన అగ్నికి గిటార్ దక్కకుండా పోయింది. అద్దాల పెట్టెలోని ఆ గిటార్‌ను చూడడానికి సంగీతప్రియులు దూరదేశాల నుంచి వస్తారు. వారు చూడగలిగినది వాద్యాన్ని మాత్రమే. నాదం రికార్డులలో ఉన్నది.

1965లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో టోనీ అయోమీ అనే యువకుడు ఫ్యాక్టరీ యంత్రంలో చేయిపడి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. గిటార్ వాదనమే లోకంగా బతికే ఆ యువకుడు ఇక అంతా అయిపోయిందని కుంగిపోయాడు. ఫ్యాక్టరీలోని పై అధికారి అతనికి ఒక రికార్డు వినిపించి, విన్న తరువాత ఆ వాదకునికి రెండు వేళ్లే పనిచేసేవని తెలిపాడు. అది జాంగో రికార్డు. అయోమీ వేళ్లకు తొడుగులు చేసుకొని, తంత్రుల బిగువు తగ్గించి, మళ్లీ గిటార్ పట్టాడు. తరువాతి కాలంలో బ్లాక్ సబ్బత్ బృందంలో సరికొత్త నాదానికి ఆయన ఆద్యుడైనాడు. జాంగో సంగీతానికి, ఆయన సంగీతానికి పోలిక లేదు. అయినా ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందినది ఏదో ఉన్నది.

జాంగో నాదం వాద్యానిదా, చేతిదా అన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పుకోవచ్చు. సెల్మెర్ గిటార్ లేకుంటే ఆ చేయి అంతగా రాణించేది కాదు. ఆ చేయి లేకుంటే ఆ గిటార్ వందల గిటార్లలో ఒకటిగా మిగిలిపోయేది. చేయి తనలో లేనిదానిని వాద్యంలో వెతికింది, వాద్యం తనలో లేనిదానిని చేతి నుంచి పొందింది. అగ్ని ఆయన నుంచి రెండు వేళ్లను తీసుకుపోయింది. మిగిలిన రెండింటితో ఏమి చేయవచ్చునో తెలుసుకోవడానికి ఆయన తన శేషజీవితమంతా వెచ్చించాడు. పోయినదానిని లెక్కించక ఉన్నదానిని పలికించినవాని నాదం కాబట్టే, ఆయన వెళ్లిపోయి డెబ్బై ఏళ్లు దాటినా అది కొత్తగా వినిపిస్తున్నది.